పిల్లలకు కూరగాయలు అలవాటు చేయడం: వండింది పారేసే పని లేకుండా

"మా బిడ్డ కూరగాయలు ముట్టనే ముట్టడమ్మా" అని చెప్పే తల్లులకు మామూలుగా దొరికే సలహా ఒకటే. రంగురంగుల కూరగాయలు కొనండి, రకరకాలుగా వండిపెట్టండి, ఓపిక పట్టండి అంటారు. వాటికి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయో మాత్రం ఎవరూ అడగరు. అనంతపురంలో బేల్దారి పనికి పోయే ఇంట్లోనో, ఆదోని వైపు పత్తి తీసే కూలికి పోయే ఇంట్లోనో బియ్యం రేషన్‌వే అనుకున్నా, నూనె, పప్పు, గ్యాసు, పెద్దవాళ్ల మాత్రలు అన్నీ పోగా కూరగాయలకు ఎంత మిగులుతుందో మనకు తెలుసు. ఆ మిగిలిన దాంట్లోనే పావుకిలో క్యారెట్ కొని, వండి, ముద్ద కలిపి పెడితే పిల్లోడు ఒక ముక్క నమిలి ఉమ్మేశాడనుకోండి. క్యారెట్ పోయింది, కలిపిన అన్నం పోయింది, వాడి కడుపూ నిండలేదు. ఇంక ఏడుపు ఆపడానికి అంగట్లో ఐదు రూపాయల ప్యాకెట్ కొనాలి. ఆ ప్యాకెట్‌ను ఏ పిల్లోడూ వద్దనడు, అందులో పెట్టిన ఐదు రూపాయలు ఎప్పుడూ వృథా కావు. అలాంటప్పుడు ఆ తల్లి మరుసటి వారం క్యారెట్ కొనకపోతే ఆమెకు తెలివి లేదని అనకూడదు, ఆమె లెక్క సరిగ్గానే ఉంది.

అమెరికాలో బోస్టన్ ప్రాంతపు తల్లిదండ్రుల మీద చేసిన ఒక పరిశోధన 2016లో అచ్చయింది. డబ్బు తక్కువున్న ఇళ్లలో పిల్లలు వద్దంటే పారేయాల్సి వస్తుందనే భయంతో, కచ్చితంగా తింటారని తెలిసినవే కొంటున్నారని అందులో తేలింది. డబ్బున్నవాళ్లు అయితే పిల్లలు ఎన్నిసార్లు వద్దన్నా మళ్లీ కొనగలరు, పారేసినా వాళ్లకు బరువు కాదు. అది వేరే దేశం సంగతే అయినా పత్తికొండలో, గుంతకల్లులో, ప్రొద్దుటూరులో నాకు కనబడేది కూడా ఇదే.

అందుకని ఇక్కడ చెప్పేదంతా ఒక్క షరతుకు లోబడి ఉంటుంది: బిడ్డ తినకపోయినా ఇంటికి ఒక్క రూపాయి నష్టం రాకూడదు. బిడ్డ కోసం వేరే కూర కొనడం ఉండదు, వేరేగా వండడం ఉండదు. పెద్దవాళ్లు ఎలాగూ తినే కూరలోంచి ఒక్క ముక్క తీసి పెడతాం. బిడ్డ వద్దంటే ఆ ముక్క మనమే తింటాం.

ముందు నాలుక సంగతి

పుట్టిన బిడ్డకు తీపి నచ్చుతుంది, చేదు నచ్చదు. ఇది ఎవరూ నేర్పేది కాదు, పుట్టుకతో వచ్చేదే. కూరగాయల్లో చాలావాటికి ఎంతో కొంత చేదో, వగరో, పచ్చి వాసనో ఉంటుంది కాబట్టి పిల్లలు మొదటిసారి మొహం తిప్పుకోవడం సహజం. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఇది ఇంకా ఎక్కువ. ఏడాది వయసులో సొరకాయ పప్పు హాయిగా తిన్న బిడ్డే రెండున్నరేళ్లకు దాన్ని చూసి మూతి బిగిస్తుంది. తల్లులు దిష్టి తగిలిందనీ, మొండితనం వచ్చిందనీ అనుకుంటారు. ఆ వయసు పిల్లలు కొత్త తిండిని అనుమానించడం మామూలే, చాలామందిలో పెరిగేకొద్దీ తగ్గిపోతుంది.

కొత్త కూర బిడ్డకు నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడాల్సి రావచ్చని పిల్లల తిండి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మన ఇళ్లలో రెండు మూడు సార్లు పెట్టి, "వీడికి వంకాయ పడదు" అని తీర్మానం చేసేస్తాం, ఆ మాట బిడ్డ చెవిన కూడా పడుతుంది, ఆ తర్వాత వాడు ఎప్పుడు వంకాయ చూసినా అదే చెప్తాడు. పదిహేను సార్లు అంటే భయపడొద్దు. ఒక్కోసారి గోరంత ముక్క చాలు. మీ ఇంట్లో వారానికి రెండుసార్లు వంకాయ వండుతారనుకుంటే రెండు నెలల్లో పదిహేను సార్లు అయిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.

ఒకసారికి ఒక్క కూరగాయనే పట్టుకోండి. ఏది పట్టుకోవాలంటే, మీ ఇంట్లో తరచుగా వండేది, ఇంటాయన ఇష్టంగా తినేది. ఎక్కడో చదివామని బ్రొకోలీ వెంట పడొద్దు, మన అంగట్లో దొరకనిది అలవాటు చేసి లాభం లేదు. మొదటిసారి అయితే తీపి ఉన్నవాటితో మొదలుపెట్టడం సులువు: గుమ్మడికాయ, క్యారెట్, గెనుసుగడ్డ, బాగా ఉడికిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ). వాటి తర్వాత సొరకాయ, బీరకాయ, బెండకాయ. కాకరకాయ, మెంతాకు, మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు) చివర్లో.

మన వైపు అసలు అడ్డం కారం

దీన్ని ఎవరూ పట్టించుకోరని నాకు అనిపిస్తుంది. రాయలసీమ ఇళ్లలో కూర అంటే కారం. పచ్చి మిరపకాయలు నూరిన పప్పు, ఎండు మిరపకాయల ఊరిబిండి, మిరపపొడి దండిగా పడ్డ పులుసు. మూడేళ్ల బిడ్డకు వంకాయ కూర ముద్ద పెట్టగానే కళ్లల్లో నీళ్లు తిరిగి తోసేస్తే, ఆ బిడ్డ వద్దన్నది వంకాయనా, కారాన్నా? వాడికి అది విడదీసి చెప్పడం రాదు. వాడి లెక్కలో ఆ నల్లటి మెత్తటి ముక్క నోరు మండించింది, అంతే. రేపు కారం లేకుండా పెట్టినా నమ్మడు. అప్పుడు తల్లి ఏం చేస్తుందంటే కూర పక్కనపెట్టి పెరుగన్నం, పప్పు మీద తేట, ఉత్త నెయ్యన్నం పెడుతుంది. అలా ఐదేళ్లు గడిచాక బిడ్డకు కూరగాయలు పడవని పేరు వస్తుంది.

దీనికి చేయాల్సింది చాలా చిన్న పని. తిరగమోత వేసి, ముక్కలు ఉప్పు పసుపుతో మగ్గాక, కారం పొడి వేయకముందే బిడ్డకు సరిపడా రెండు స్పూన్లు చిన్న గిన్నెలోకి తీసిపెట్టండి. తర్వాత మీ కూర మీ ఇష్టం. వేరే పొయ్యి అక్కర్లేదు, వేరే నూనె అక్కర్లేదు. పప్పుకైతే పచ్చి మిరపకాయలు కుక్కర్లో కలిపి ఉడకబెట్టకుండా విడిగా వేయించుకుని, బిడ్డ వాటా తీశాక కలిపి ఎనపండి. ఊరిబిండి నూరేటప్పుడు చెనక్కాయలు, టమోటా, ఉప్పు మాత్రమే వేసి ఒక ముద్ద పక్కకు తీసి, తర్వాత మిరపకాయలు వేసి నూరుకోండి. ఇంట్లో పెద్దలు "కారం తినకపోతే వీడు సీమ బిడ్డ ఎట్లా అవుతాడు" అంటారు. కారం వాడు పెద్దయ్యాక ఎలాగూ నేర్చుకుంటాడు, ఆ తొందర మనకెందుకు. ముందు కూర రుచి తెలియనివ్వండి.

ఏ కూరగాయను ఎట్లా పెట్టాలి

పిల్లలు వద్దనడానికి రుచి ఒక్కటే కాదు, నోట్లో తగిలే తీరు కూడా కారణం. జిగట, పీచు, పైన తొక్క, ఉడికీ ఉడకని ముక్క. కూరగాయ మార్చకముందు వండే తీరు మార్చి చూడండి.

బెండకాయను కడిగి, బట్టతో పూర్తిగా తుడిచి, ఆరాక కోయండి. ఇనుప పెనం మీద కొంచెం నూనెతో మూత పెట్టకుండా వేయిస్తే జిగట పోతుంది. దించేముందు చెనక్కాయల పొడి చల్లండి. చెనక్కాయల పొడి మన చేతిలో ఉన్న పెద్ద ఆయుధం, పిల్లలకు ఆ రుచి ముందే తెలుసు, నచ్చుతుంది కూడా. తెలిసిన రుచితో కలిపి పెడితే తెలియని కూర మీద అనుమానం తగ్గుతుంది, చప్పగా ఉండే పిల్లల వాటాకు రుచీ వస్తుంది. మటిక్కాయలు వగరుగా, పీచుగా ఉంటాయి కాబట్టి లేతవి ఏరి, పీచు తీసి, ఉప్పు నీళ్లలో మెత్తగా ఉడికించి వార్చి, చిన్న బెల్లం ముక్క, చెనక్కాయల పొడితో వేయిస్తే అదే మటిక్కాయ వేరే రుచికి వస్తుంది. కాకరకాయకు కూడా ఇదే దారి, కానీ ముందు చక్రాల్లా కోసి ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఆగి పిండాలి, ఆ తర్వాత కొంచెం చింతపండు నీళ్లలో ఉడికించాలి.

వంకాయ మెత్తగా జారిపోవడం చాలామంది పిల్లలకు గిట్టదు. పొయ్యి మీద కాల్చి, తొక్క తీసి, ఎనిపి, చెనక్కాయల పొడి, ఉప్పు, ఒక చుక్క పచ్చినూనె వేసి సంగటి ముద్దకు అంటించి పెట్టి చూడండి. బీరకాయ కొన్నప్పుడు తొక్కు పారేయొద్దు, వేయించి చెనక్కాయలతో నూరితే పచ్చడి అవుతుంది, ఒక్క కాయ డబ్బుకు రెండు పూటల కూర వస్తుంది. సొరకాయ పప్పులో పెద్ద ముక్కలుగా తేలుతుంటే పిల్లలు ఏరిపారేస్తారు. తురిమి వేయండి.

ఆకుకూరల విషయంలో మనం అదృష్టవంతులం. ఆకుకూర పప్పు, పుల్లగూర మన వంటలే. పిల్లలు ఆకు నోటికి చుట్టుకుంటుందని ఉమ్మేస్తారు కాబట్టి సన్నగా తరిగి, పప్పుగుత్తితో బాగా ఎనపండి. చింతపండు, టమోటా, నిమ్మకాయ, వీటిలో ఏదో ఒక పులుపు తప్పకుండా ఉండాలి. రుచికి తోడు ఇంకో లాభం ఉంది: టమోటా, నిమ్మకాయల్లో ఉండే సి విటమిన్ ఆకుల్లోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. నిమ్మరసమైతే దించాక పిండండి, మరిగితే ఆ విటమిన్ పోతుంది. కొంచెం నూనె కూడా కావాలి, ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడిలో ఉన్న ఎ విటమిన్ సరుకు కొవ్వు లేకపోతే ఒంటికి సరిగ్గా అందదు. మన ఇళ్లలో చెనక్కాయల నూనె తిరగమోత ఉంటుంది కాబట్టి దానికి బెంగ లేదు.

తిండిలో కలిపి పెట్టడం కూడా మంచిదే. పొద్దున ఉగ్గాని చేసేటప్పుడు బొరుగులతో పాటు సన్నగా తరిగిన టమోటా, తురిమిన క్యారెట్ వేయొచ్చు, చిత్రాన్నంలో క్యాబేజీ వేయొచ్చు, జొన్నరొట్టె పిండిలో మెంతాకు కలపొచ్చు, రాగి సంగటి ఉడికేటప్పుడు గుప్పెడు మునగాకు వేయొచ్చు. కానీ దాచిపెట్టడం ఒక్కటే చేస్తూ పోతే బిడ్డకు ఆ కూరగాయ మొహం ఎప్పటికీ తెలియదు, రేపు ముక్కగా కనబడితే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని కలిపి పెట్టిన రోజు కూడా పక్కన ఒక్క ముక్క కనబడేలా ఉంచండి. "ఉగ్గానిలో ఉండేది ఇదే" అని చూపించండి.

కొనడం, ఏరుకోవడం, ఎండబెట్టడం

సంతలో పొద్దున రేటు వేరు, సాయంత్రం రేటు వేరు. అంగళ్లు ఎత్తేసే వేళకు పోతే మిగిలినవి కుప్పల లెక్కన ఇచ్చేస్తారు. వాటిలో వాడినవి ఉంటాయి, కుళ్లినవి ఉంటాయి, వాడినవి వండుకోవచ్చు, కుళ్లినవి తీసుకోకండి. కర్నూలులో సి క్యాంపు రైతుబజారు లాంటివి దగ్గరుంటే వాడుకోండి. అన్నీ పావుకిలో లెక్కన కొనే బదులు ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు కలిసి కిలో కొని పంచుకుంటే ఒక్కో ఇంటికి నాలుగు రకాలు వస్తాయి, పైగా పక్కింటి బిడ్డ తినేది మన బిడ్డ కూడా అడుగుతాడు.

టమోటా గురించి చెప్పాలి. పత్తికొండ మార్కెట్టు, అనంతపురం పక్కన కక్కలపల్లి మార్కెట్టు చూసినవాళ్లకు తెలుసు, ధర పడిపోయినప్పుడు రైతులు కోత కూలి కూడా రాదని రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. ఆ కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మళ్లీ కొన్ని నెలలకు అదే టమోటా మన చేతికి అందనంత ధరకు పోతుంది. కాబట్టి చవకగా ఉన్నప్పుడు కొని ఒరుగులు పెట్టుకోండి. గట్టి పండ్లు కడిగి, తుడిచి, పలుచగా కోసి, ఉప్పు చల్లి, శుభ్రమైన బట్ట మీద పరిచి పైన పలుచటి చీర కప్పి ఎండబెట్టండి. మన ఎండకు నాలుగైదు రోజుల్లో ఎండిపోతాయి. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. మన అవ్వలు వంకాయ, మటిక్కాయ ఒరుగులు పెట్టేవాళ్లు కదా, అదే పని. ఆకులను మాత్రం ఎండలో పెట్టకండి, ఎండకు ఎ విటమిన్ సరుకు చాలా పోతుంది. మునగాకు, కరివేపాకు నీడలోనే గాలికి ఆరబెట్టి, వేయించిన చెనక్కాయలు, జీలకర్ర, తెల్లగడ్డతో పొడి కొట్టుకుంటే పిల్లల అన్నంలోకి రోజుకో స్పూను పొడి సిద్ధంగా ఉంటుంది.

వానలు పడ్డాక చేలల్లో గురుగాకు, చెంచలాకు, చిర్రాకు ఊరికే దొరుకుతాయి. కొనుక్కునే స్తోమత వచ్చాక వీటిని పేదోళ్ల కూరలని చాలామంది వదిలేశారు. వదలొద్దు, కందిపప్పులో గురుగాకు వేసి వండితే దానికి సాటి లేదు. ఒక్క జాగ్రత్త: కలుపు మందు గానీ పురుగు మందు గానీ కొట్టిన చేనిలో కోయకండి. చేను ఎవరిదో వాళ్లను అడిగి కోయడమే మంచిది. రోడ్డు పక్కన, మురిక్కాలువ గట్ల మీద పెరిగినవీ వద్దు. ఎక్కువ నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి, ఆ నీళ్లు చెట్లకు పోయండి.

చెట్లంటే, జానెడు వాకిలి ఉన్నా చాలు. పాత సిమెంటు సంచిలో మట్టి, పేడ ఎరువు నింపి మెంతులు చల్లితే మూడు వారాలకు మెంతాకు వస్తుంది, తోటకూర నెల రోజుల్లోపు కోతకు వస్తుంది. బచ్చలి తీగ ఒకసారి పట్టుకుంటే పోదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు వీటికి సరిపోతాయి. మునగచెట్టు ఇంటి దగ్గర ఉండకూడదనే పట్టింపు కొందరికి ఉంది, వాళ్లు వీధి చివర నాటినా సరే, మన కరువు నేలలో అంత తక్కువ నీళ్లతో ఏడాది పొడవునా ఆకు ఇచ్చే చెట్టు ఇంకోటి లేదు. పిల్లల చేతనే విత్తనం వేయించండి, నీళ్లు పోయించండి, కోయించండి. తాము పెంచింది తినాలని పిల్లలకే ఉబలాటం ఉంటుంది.

తినేటప్పుడు మాటలు

బలవంతం చేయొద్దు. ముక్కు మూసి, తొడ గిల్లి, "మింగితే గానీ లేవనివ్వను" అని కూర్చోబెట్టి తినిపించిన కూరను బిడ్డ ఇంకా అసహ్యించుకుంటాడు. లంచం కూడా పనికిరాదు. "బీరకాయ తింటే చాక్లెట్ ఇస్తా" అంటే బీరకాయ ఏదో కష్టమైనదనీ, చాక్లెట్ గొప్పదనీ వాడికి మనమే నేర్పినట్టు అవుతుంది. ముక్క కంచంలో పెట్టండి, "ఇది గుమ్మడికాయప్పా, తియ్యగా ఉంది" అని ఒక్కసారి చెప్పండి, ఆపై మీ అన్నం మీరు తినండి. వాడు నాకి ఉమ్మినా ఆ రోజుకు రుచి చూసినట్టే. తిట్టొద్దు, పొగడ్తలతో ముంచెత్తొద్దు. రెండు రోజులాగి మళ్లీ పెట్టండి.

ఇంటాయన దీన్ని అర్థం చేసుకోవాలి. కంచం ముందు కూర్చుని "మళ్లీ ఇదేనా, ఈ గడ్డి ఎవరు తింటారు" అని నాన్న అన్న ఒక్క మాటకు తల్లి నెల రోజుల కష్టం నీళ్లపాలు అవుతుంది. అదే నాన్న ఆ కూరనే రెండోసారి వేయించుకుని తింటే వేరే పాఠం అక్కర్లేదు. పనికి పోయి రాత్రి ఆలస్యంగా వచ్చే నాన్నలైతే ఆదివారం ఒక్క పూటన్నా పిల్లలతో కూర్చుని తినండి. ఇంటి దగ్గర పిల్లలను చూసుకునేది అవ్వే అయితే ఆమెకు ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పండి. మనవడు ఏడిస్తే చూడలేక చేతిలో ఐదు రూపాయలు పెట్టేది అవ్వే. ఆమెను తప్పు పట్టడానికి మనసు రాదు. ప్యాకెట్ పూర్తిగా మాన్పించలేకపోయినా, అన్నానికి ముందు రెండు గంటలు మాత్రం వద్దని ఒప్పించండి. ఆకలి ఉన్నప్పుడే కొత్త ముక్క నోట్లోకి పోతుంది. ప్యాకెట్ బదులు వేయించిన చెనక్కాయలు (నాలుగైదేళ్ల లోపు పిల్లలకైతే పొడి చేసి), బెల్లం, ఉడకబెట్టిన గెనుసుగడ్డ అవ్వ చేతికి అందేలా పెట్టి పోండి.

టీ కూడా అంతే. పొద్దున పిల్లలకు టీలో బన్ను ముంచి పెట్టడం మన వైపు చాలా ఇళ్లలో ఉంది. టీ ఆకలి చంపుతుంది, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. చిన్నపిల్లలకు టీ అసలు ఇవ్వకపోవడమే మంచిది, మాన్పించేలోపు కనీసం అన్నం తిన్న గంటలోపు ఇవ్వకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో వంద మందికి 63 మందికి రక్తహీనత ఉంది. టీ గురించి ఇంత పట్టుబట్టి చెప్పేది అందుకే.

బడిలో, అంగన్‌వాడీలో

ఇంట్లో తినని పిల్లలు బడిలో తింటారు. పక్కనోడు తింటుంటే తామూ తింటారు. పీఎం పోషణ్ పథకం నిబంధన ప్రకారం మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు 75 గ్రాముల కూరగాయలు ఉండాలి. మన రాష్ట్రంలో ఇప్పుడు దీని పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ఇది మీ బిడ్డ హక్కు, మీ జేబులోంచి పైసా పోకుండా కొత్త కూరగాయలు రుచి చూసే చోటు. తల్లిదండ్రుల సమావేశానికి పోయినప్పుడు మార్కులు మాత్రమే అడిగి రాకండి, ఈ వారం ఏం కూరలు వేశారో అడగండి, సాంబారులో ముక్కలు ఉన్నాయో లేదో ఒక రోజు చూసి రండి. వంట చేసే అమ్మలతో గొడవకు దిగకుండా మాట్లాడండి, వాళ్లూ మన లాంటి వాళ్లే, బిల్లులు ఆలస్యమైనా ముందు తామే సరుకు తెచ్చి వండే వాళ్లున్నారు. ముక్కలు చిన్నగా కోయమని, కారం తగ్గించమని అడిగితే చాలాసార్లు వింటారు.

సాయంత్రం బిడ్డను "ఈరోజు బడిలో ఏం కూర?" అని అడగండి. సాంబారులో గుమ్మడికాయ తిన్నానంటే, ఇంట్లో గుమ్మడికాయ కొనడానికి భయపడక్కర్లేదని తెలిసిపోతుంది. మీరు డబ్బు పెట్టకముందే పరీక్ష అయిపోయింది కదా. అంగన్‌వాడీకి పోయే మూడు నుంచి ఆరేళ్ల పిల్లల విషయంలోనూ ఇలాగే టీచరమ్మను అడగండి.

పాలు తాగే బిడ్డలు, ఆరు నెలల బిడ్డలు

తల్లి తిన్న కూరల వాసన చనుపాలలోకి వస్తుంది, ఆ వాసనకు అలవాటుపడ్డ బిడ్డ తర్వాత ఆ కూరను తేలిగ్గా ఒప్పుకుంటుందని పరిశోధనల్లో తేలింది. మనమేమో బాలింతకు పథ్యమని నెలల తరబడి కారం పొడి, తెల్లగడ్డ అన్నమే పెడతాం. వంకాయ వద్దు, గుమ్మడి వద్దు, ఆకుకూర వద్దు. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప అన్నీ తినొచ్చు, తినాలి కూడా.

ఆరు నెలలు నిండాక తిండి మొదలుపెట్టేటప్పుడు పప్పు అన్నంతో పాటు ఉడికించి ఎనిపిన గుమ్మడి, క్యారెట్, సొరకాయ, పాలకూర ఒక్కోటి రెండు స్పూన్లు పెట్టండి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర, బెల్లం, తేనె వద్దు. పచ్చి క్యారెట్ ముక్కలు, గుండు చెనక్కాయలు చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడతాయి. నాలుగైదేళ్లు వచ్చేదాకా క్యారెట్ ఉడికించి, చెనక్కాయలు పొడి చేసి పెట్టండి.

సుగ్గికి పోయే ఇళ్లవాళ్లకు

కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనికి, వలసపోయే కుటుంబాలకు పైన చెప్పినవి చాలావరకు కుదరవు. గుడారంలో ఒక్క పొయ్యి మీద అన్నం, పచ్చిపులుసు, కారం. ఈ ఇళ్ల పిల్లల కోసమే ఒరుగులు, మునగాకు పొడి ముందుగా చేసి మూటలో పెట్టుకోమంటున్నాను. గుప్పెడు టమోటా ఒరుగులు నానబెట్టి పప్పులో వేస్తే పూట గడుస్తుంది. బిడ్డను బడి మాన్పించకుండా ఊళ్లో ఉంచగలిగితే వలస పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టల్ మీ బడిలో ఉందేమో హెడ్‌మాస్టర్‌ను అడగండి, అక్కడ బిడ్డకు పూట పూటకూ భోజనం ఉంటుంది. అవ్వ తాతల దగ్గర వదిలిపోతే పొడి డబ్బా వాళ్లకిచ్చి, అన్నంలో ఎంత కలపాలో స్పూనుతో చూపించి పోండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

ఏదీ తినకుండా బరువు తగ్గుతున్నా, ఆరు నెలలుగా బరువు పెరగకపోయినా, కళ్లు, గోళ్లు పాలిపోయినా, మట్టి, బలపాలు తింటున్నా, సందె వేళ సరిగ్గా కనబడటం లేదన్నా, అది ఇష్టాయిష్టాల సంగతి కాదు. వెంటనే పీహెచ్‌సీకి తీసుకుపోండి. కడుపులో నులిపురుగులు ఉన్నా ఆకలి చస్తుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పించకండి, ఆ రోజు బిడ్డ బడికి పోలేకపోతే తర్వాత ఇచ్చే రోజు కనుక్కుని వేయించండి. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి వేసే ఎ విటమిన్ మందు, ఐదేళ్లలోపు పిల్లలకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్, బడి పిల్లలకు వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర కూడా అంతే. రక్తం బాగా తగ్గిన బిడ్డకు ఆకుకూర ఒక్కటే సరిపోదు. ఐరన్ మాత్ర పరగడుపున వేస్తే కొందరికి వికారం వస్తుంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక వేయించండి. దొడ్డికి నల్లగా వస్తే కంగారుపడి ఆపేయకండి, ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు అది మామూలే.